రెండు లక్షల వరుసలకు పేర్లు పెట్టాలంటే కంప్యూటర్‌కి ఎన్నాళ్లు?

"సార్, బ్లాస్ట్ పెట్టి పదకొండు రోజులైంది. ఇంకా నడుస్తూనే ఉంది. అసలు ఎప్పటికవుతుందో చెప్పగలరా?"

గుంటూరు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్‌లో అడిగిన మాట ఇది. బ్లాస్ట్ అంటే జన్యు అక్షరాల వరుసలకు పోలికలు వెతికే ప్రోగ్రాం. నల్ల తామర పురుగు పట్టిన మిరప ఆకుల్లో ఏ జన్యువులు మేల్కొంటున్నాయో చూడటం ఆమె పని. 2021-22 సీజన్‌లో పూత మీదే పడి, గుంటూరు చుట్టుపక్కల ఎంతోమంది రైతుల చేత తోటలు పీకించేసిన పురుగే అది. శాస్త్రవేత్తలు త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. మన దేశంలో దాన్ని మొదట 2015లో బొప్పాయి మీద గుర్తించారు. ఈ అమ్మాయి ఆకులు కోసింది, ఆర్‌ఎన్‌ఏ తీసింది, అందులోని అక్షరాలు చదివించే సీక్వెన్సింగ్ చేయించింది. హార్డ్ డిస్క్ నిండా డేటా వచ్చింది కానీ అందులో ఏది ఏమిటో చెప్పే పేర్లు మాత్రం ఇంకా రాలేదు.

ఈ ప్రశ్న నాకు ఏటా రెండు మూడుసార్లైనా ఎదురవుతుంది. ఇన్ని రోజులని అందరికీ సరిపోయే జవాబు లేదు. అయితే పని మొదలుపెట్టకముందే కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. లెక్క వేస్తే తేలేది ఏమిటంటే, ఎన్నాళ్లు పడుతుందనేది కంప్యూటర్ కన్నా ఎక్కువగా మనం దేన్ని దేనితో పోల్చమన్నామన్న దాన్ని బట్టే ఉంటుంది.

పేరు పెట్టడమంటే పోలిక పట్టడమే

మిరప మొక్కలో ప్రతి కణంలోనూ ఉండేవి అవే జన్యువులు. ఆకు కణం వాటిలో కొన్నింటినే వాడుకుంటుంది. వాడుకునే జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ రూపంలో నకలు తీస్తుంది. ఆ క్షణాన కణాల్లో ఉన్న ఆ నకళ్లన్నింటినీ కలిపి ట్రాన్స్‌క్రిప్టోమ్ అంటారు. ఎక్కువగా వాడే యంత్రాలు పొడుగు నకలును ఒక్క ఊపులో చదవలేవు. ముక్కలు చేసి, ఒక్కో ముక్కను రెండు చివర్ల నుంచీ 150 అక్షరాల చొప్పున చదువుతాయి. వీటిని రీడ్ల జతలంటారు. ఈ ముక్కల్ని తిరిగి అతికించి పొడుగు వరుసలు చేయడం అసెంబ్లీ. అలా వచ్చిన ఒక్కో వరుసా ఏ ప్రోటీన్‌కు సంబంధించిందో, అది ఏం పని చేస్తుందో రాసిపెట్టడం అనొటేషన్.

నిజానికి అనొటేషన్‌లో ఎవరూ కొత్తగా కనిపెట్టేదేమీ ఉండదు. పెళ్లిలో పెద్దవాళ్లు "నువ్వు ఫలానా వాళ్ల అమ్మాయివి కదూ" అని ముఖం చూసి చెప్పినట్టే ఇదీ. మన వరుస టమాటాలోనో, ప్రయోగాలకు వాడే అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కలోనో ఇప్పటికే తెలిసిన ప్రోటీన్‌ను పోలి ఉంటే, ఆ పేరే దీనికీ ఇస్తాం. కంప్యూటర్ చేసే పనంతా ఆ పోలిక వెతకడమే. కాబట్టి ఎంతమంది ముఖాలు చూడాలి, ఎంత పరీక్షగా చూడాలి అన్న వాటి మీదే టైమంతా ఆధారపడుతుంది.

కల్లం వేరు, తాలు ఏరడం వేరు

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అసెంబ్లీకి, అనొటేషన్‌కు కావలసినవి పూర్తిగా వేర్వేరు వనరులు.

మిరపకాయలు ఆరబెట్టాలంటే కాయంతా ఒకేసారి పరిచే చోటు కావాలి. కల్లం చాలకపోతే కూలీల్ని ఎంతమందిని పెట్టినా ప్రయోజనం లేదు. కాయ ఆరాక తాలు ఏరడం ఇంకో రకం పని. ఎవరి కుప్ప వాళ్లది, పక్క కుప్పలో ఏముందో చూడనక్కర్లేదు. పదిమంది కూర్చుంటే పది వంతుల్లో ఒక వంతు టైములో పని తెములుతుంది.

అసెంబ్లీ కల్లం లాంటిది. ఏ ముక్క ఏ ముక్కకు అతుకుతుందో ముందు తెలియదు కాబట్టి అన్నింటినీ ఒకేసారి మెమరీలో పరచాలి. 2011లో వచ్చి ఇప్పటికీ బాగా వాడుకలో ఉన్న ట్రినిటీ ప్రోగ్రాం తయారుచేసినవాళ్లే ఒక మోటు లెక్క చెబుతారు: పది లక్షల రీడ్ల జతలకు దాదాపు 1 జీబీ ర్యామ్, అర గంట నుంచి గంట సేపు. మన ఉదాహరణలో 12 శాంపిళ్లు, ఒక్కోదానికి 2 కోట్ల జతలు అనుకుందాం. మొత్తం 24 కోట్లు, అంటే 240 జీబీ ర్యామ్. ఒకే తీరుగా వందలసార్లు వచ్చిన రీడ్లను ముందే పలచన చేసే ఏర్పాటు ట్రినిటీలోనే ఉంది కాబట్టి అసలు అవసరం ఇంకా తగ్గుతుంది. ఎంత తగ్గినా 16 జీబీ లాప్‌టాప్‌లో పట్టే కాయ మాత్రం కాదు.

అనొటేషన్ తాలు ఏరడం లాంటిది. ప్రతి వరుసా విడిగా పోల్చుకునేదే కాబట్టి ఇక్కడ లెక్కకొచ్చేది ర్యామ్ కన్నా ప్రాసెసర్ కోర్ల సంఖ్య. అసెంబ్లీకి 256 జీబీ కావాల్సి వచ్చింది కదా అని అనొటేషన్‌కూ అలాంటి యంత్రం కోసమే నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. 32 కోర్లు ఉన్నాయన్న ధీమాతో 32 జీబీ మెషీన్ మీద అసెంబ్లీ పెట్టి, మూడో రోజు మెమరీ చాలక ఆగిపోతే తల పట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఇంకో తేడా కూడా చూడండి. 24 కోట్ల జతలంటే 7,200 కోట్ల అక్షరాలు. అతికించాక 2 లక్షల వరుసలు, సగటున 800 అక్షరాలు అనుకుంటే 16 కోట్ల అక్షరాలే. అంటే 160 ఎంబీ ఫైలు, వాట్సాప్‌లో పంపేయొచ్చు. అసెంబ్లీ ఒక చోట, అనొటేషన్ ఇంకో చోట చేసుకోవడానికి అడ్డేమీ లేదన్నమాట.

ముప్ఫై అయిదు రోజుల లెక్క

మిరపలో ప్రోటీన్ చేసే జన్యువులు దాదాపు 35 వేలు. మరి వరుసలు 2 లక్షలు ఎలా వచ్చాయి? ఒకే జన్యువు నుంచి వచ్చే రకరకాల నకళ్లు, పూర్తిగా అతకని ముక్కలు, చదవడంలో దొర్లిన తప్పులు, ఆకు మీదున్న పురుగువీ శిలీంధ్రానివీ ఆర్‌ఎన్‌ఏలు, అన్నీ కలిస్తే అంత అవుతుంది.

ఎన్నాళ్లు పడుతుందో తెలుసుకోవడానికి ఎప్పటినుంచో ఉన్న పద్ధతి నమూనా తీసి చూడటం. 2 లక్షల్లోంచి చీటీలు తీసినట్టు 200 వరుసలు తీస్తారు. ఫైల్లో మొదటి 200 తీస్తే లెక్క తప్పొచ్చు, ఎందుకంటే ఆ వరుసల పొడవులు మొత్తానికి ప్రతినిధులు కాకపోవచ్చు. పొడుగు వరుస ఎక్కువ సేపు తింటుంది. ఈ 200 వరుసలు 8 కోర్ల మెషీన్ మీద, ఎన్‌ఆర్ అనే పెద్ద ప్రోటీన్ల డేటాబేస్‌తో, బ్లాస్ట్‌లోనే ఒక రకమైన బ్లాస్ట్-ఎక్స్‌లో పోల్చడానికి 50 నిమిషాలు పట్టిందనుకోండి. 2 లక్షలంటే దానికి వెయ్యి రెట్లు. 50 వేల నిమిషాలు, 833 గంటలు, దాదాపు 35 రోజులు. పదకొండో రోజున ఫోన్ చేసిన అమ్మాయి మూడో వంతు దారి కూడా దాటలేదన్నమాట.

ఇప్పుడు ఇదే లెక్కను ఒక్కో చోట కదిపి చూద్దాం. పది లక్షల నకళ్లకు ఒకటి కూడా లేని వరుసలను పక్కన పెడితే 2 లక్షలు 60 వేలకు దిగొచ్చాయనుకుందాం. 35 రోజులు పదిన్నర రోజులవుతాయి. కొత్త మెషీన్ కొనకుండానే మూడు వంతుల్లో రెండు వంతుల టైము మిగిలింది.

ఇంకొకటి. బ్లాస్ట్-ఎక్స్ ప్రతి వరుసనూ ఆరు రకాలుగా ప్రోటీన్ భాషలోకి మార్చి చూస్తుంది, ఎందుకంటే ఏ అక్షరం నుంచి ఏ దిక్కుగా చదవాలో దానికి తెలియదు. ట్రాన్స్‌డీకోడర్ లాంటి ప్రోగ్రాంతో ప్రోటీన్ ఎక్కడుందో ముందే తేల్చుకుంటే ఆరింటికి బదులు ఒక్కటే చూస్తే సరిపోతుంది. ఈ ఆదాకు ఒక మూల్యం ఉంది. మనం మార్చకపోతే ట్రాన్స్‌డీకోడర్ 100 అమైనో ఆమ్లాల కన్నా పొట్టి ప్రోటీన్లను వదిలేస్తుంది. మొక్కలు తెగుళ్లనూ పురుగులనూ ఎదుర్కోవడానికి చేసుకునే డిఫెన్సిన్లు చాలావరకు ఆ కొలతకు లోపలే ఉంటాయి. పురుగు పట్టిన ఆకు మీద పని చేస్తూ రక్షణ ప్రోటీన్లనే జల్లెడలోంచి జారవిడుచుకోవడం అంటే, కాయ పారబోసి తొడిమలు ఏరుకున్నట్టే.

పెద్ద డేటాబేస్ ఎప్పుడూ మేలేనా?

స్విస్-ప్రోట్ అనే డేటాబేస్‌లో మనుషులు కూర్చుని సరిచూసిన ప్రోటీన్లు 5.7 లక్షలు. అమైనో ఆమ్లాల లెక్కలో 20 కోట్లు. ఎన్‌ఆర్‌లో ఉన్నవి 50 కోట్ల వరుసలకు పైమాటే. మోటుగా వెయ్యి రెట్లు. పోల్చే టైము కూడా దాదాపు అదే దామాషాలో పెరుగుతుంది.

టైము పోతే పోయింది, ఫలితం మెరుగ్గా వస్తుందనుకునేవాళ్లు ఎక్కువ. ఇక్కడో మెలిక ఉంది. ఒక పోలిక నిజమైనదా, కాకతాళీయమా అని చెప్పే అంకె ఈ-వాల్యూ. ఇంత మంచి పోలిక కేవలం అదృష్టం కొద్దీ ఎన్నిసార్లు దొరకొచ్చో అది చెబుతుంది. మన వరుస పొడవును డేటాబేస్ పొడవుతో గుణించి, పోలిక బలాన్ని చెప్పే బిట్ స్కోరు ఎంతుంటే అన్నిసార్లు రెండుతో భాగిస్తే ఆ అంకె వస్తుంది.

300 అమైనో ఆమ్లాల వరుస, 55 బిట్ల పోలిక తీసుకుందాం. స్విస్-ప్రోట్‌లో వెతికితే ఈ-వాల్యూ 0.0000017 వస్తుంది. మామూలుగా పెట్టుకునే గీత 0.00001, దానికన్నా తక్కువ రావాలి. అంటే పాసైంది. సరిగ్గా అదే పోలిక ఎన్‌ఆర్‌లో దొరికితే డేటాబేస్ వెయ్యి రెట్లు కాబట్టి ఈ-వాల్యూ 0.0017. ఫెయిలైంది. పోలికలో ఒక్క అక్షరం మారలేదు, వెతికిన గుంపు పెరిగిందంతే. తిరునాళ్లలో మనవాడిలాంటి ముఖం కనబడితే, వీధిలో కనబడ్డప్పటంత గట్టిగా నమ్మలేం కదా. వెయ్యి రెట్ల డేటాబేస్‌లో అదే నమ్మకం కావాలంటే పోలిక మరో 10 బిట్లు బలంగా ఉండాలి.

ఎన్‌ఆర్ పక్షాన చెప్పాల్సిందీ ఉంది. కోసిన ఆకు మీద పురుగు ఉంది, దాని పిల్లలూ ఉన్నాయి. పురుగు ఆర్‌ఎన్‌ఏ కూడా డేటాలోకి వచ్చి తీరుతుంది. మొక్కల ప్రోటీన్లతో మాత్రమే పోలిస్తే, అన్ని జీవుల్లోనూ ఉండే యాక్టిన్ లాంటి ప్రోటీన్ పురుగుదైనా సరే మిరప పేరుతో చెలామణి అయిపోతుంది. అన్ని జీవులూ ఉన్న డేటాబేస్‌లో అయితే ఏదో ఒక కీటకం ప్రోటీన్ ముందు వరుసలో నిలబడి గుట్టు బయటపెడుతుంది. ఎన్‌ఆర్‌లో మిరప, టమాటా, బంగాళాదుంపల ప్రోటీన్లు కూడా నిండుగా ఉంటాయి, స్విస్-ప్రోట్‌లో అవి పలుచన. కాకపోతే ఎన్‌ఆర్ ఇచ్చే దగ్గరి పోలిక పేరు చాలాసార్లు 'అన్‌క్యారెక్టరైజ్డ్ ప్రోటీన్' అనే ఉంటుంది. నెల రోజులు నడిపాక ఎవరికీ తెలియని ప్రోటీన్ అన్న పేరు రావడం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. అందుకే స్విస్-ప్రోట్‌తో ఒకసారి పేరు కోసం, ఎన్‌ఆర్‌తో ఒకసారి ఇది ఎవరిదో తేల్చుకోవడం కోసం, రెండూ వాడేవాళ్లున్నారు.

వేగంగా వెతికితే ఏం పోతుంది?

బ్లాస్ట్ 1990 నాటిది. 2015లో అదే పని చేసే డైమండ్ ప్రోగ్రాం వచ్చింది. పొట్టి రీడ్ల మీద బ్లాస్ట్-ఎక్స్ కన్నా 20 వేల రెట్ల దాకా వేగమని దాని రూపకర్తలు ప్రకటించారు. అంత వేగం అన్ని చోట్లా రాదు, కానీ నెల రోజుల పని ఒకటి రెండు రోజులకు దిగిరావడం మామూలే.

వేగం ఊరికే రాలేదు. మామూలు పద్ధతిలో డైమండ్ 60 శాతానికి పైగా కలిసే పోలికల కోసమే రూపొందింది. సెన్సిటివ్ పద్ధతి పెడితే 40 శాతం దాకా దిగుతుంది, ఇంకా లోతుకు వెళ్లే పద్ధతులూ ఉన్నాయి, వాటికి టైమూ ఎక్కువే. మిరపను టమాటాతో పోల్చేటప్పుడు రెండూ ఒకే కుటుంబం కాబట్టి మామూలు పద్ధతికే చాలా జన్యువులు చిక్కుతాయి. తామర పురుగు ప్రోటీన్‌కు పండ్ల ఈగలో బంధువును వెతకాలంటే మాత్రం అది దూరపు చుట్టరికం, లోతు పద్ధతి కావాలి.

ముక్కలుగా చేసి నడపడం విషయంలోనూ ఈ రెండూ ఎదురెదురు. బ్లాస్ట్‌కు ఫైలును రెండొందల ముక్కలు చేసి వేర్వేరు మెషీన్లకు పంచితే పని చకచకా సాగుతుంది. డైమండ్ వరుసలన్నింటినీ, డేటాబేస్‌నూ ఒకేసారి సూచిక కట్టుకుని పోలుస్తుంది కాబట్టి దానికి ఎంత పెద్ద గంప ఇస్తే అంత లాభం. చిన్న చిన్న ముక్కలిస్తే ప్రతిసారీ డేటాబేస్ మొత్తం మొదటి నుంచి చదువుతుంది. ఆ చదవడం ఎంత ఖరీదో చూడండి: 300 జీబీ డేటాబేస్, సెకనుకు 150 ఎంబీ చదివే మామూలు హార్డ్ డిస్క్ అయితే ఒక్కసారి చదవడానికే 33 నిమిషాలు. 200 ముక్కలంటే 110 గంటలు, నాలుగున్నర రోజులు, ఒక్క పోలిక కూడా చూడకుండానే. ఏరే కూలీలు యాభైమంది కూర్చున్నా టిక్కీలు మోసే హమాలీ ఒక్కడే అయితే అందరూ అతని కోసం ఎదురుచూడాల్సిందే. కోర్లు పెంచినా వేగం పెరగలేదనేవాళ్ల ఇబ్బంది చాలాసార్లు ఈ డిస్క్ దగ్గరే ఉంటుంది.

డైమండ్ వాడేవాళ్లకు తర్వాత అసలు ఆలస్యం ఇంటర్‌ప్రోస్కాన్ దగ్గర ఎదురవుతుంది. ఇది ప్రోటీన్ మొత్తాన్ని కాకుండా అందులోని భాగాలను చూస్తుంది, అది వాడే డేటాబేస్‌లలో ఒకటైన పీఫామ్‌లోనే 20 వేలకు పైగా ప్రోటీన్ కుటుంబాల నమూనాలున్నాయి. ఇప్పటికే జగమెరిగిన ప్రోటీన్లకు ముందే సిద్ధం చేసిన జవాబులు నెట్‌లోంచి తెచ్చుకుంటుంది కానీ, మనం కొత్తగా అతికించిన వరుసలకు ఆ సౌకర్యం పెద్దగా అక్కరకు రాదు. పైగా ట్రాన్స్‌డీకోడర్ ప్రోటీన్ చివర పెట్టే నక్షత్రం గుర్తు దీనికి గిట్టదు, ఆ గుర్తు కనబడితే పని మొదలుపెట్టదు.

అన్నింటికీ పేర్లు కావాలా?

పురుగు పట్టాక పెరిగిన, తగ్గిన జన్యువులు మూడు వేలే అయితే ఆ మూడు వేలకే పేర్లు పెడితే పోదా అని ఒక వాదన. 2 లక్షలకు 35 రోజులు పట్టే చోట 3 వేలకు 12 గంటలన్నర చాలు. పది జన్యువులను ఎంచుకుని ల్యాబ్‌లో సరిచూడటమే లక్ష్యమైతే ఈ వాదనకు తిరుగులేదు.

అయితే 'మారిన జన్యువుల్లో జాస్మోనిక్ ఆమ్లానికి (మొక్క రక్షణకు వాడే హార్మోన్) సంబంధించినవి ఎక్కువగా ఉన్నాయి' అని రాయాలంటే, దేనితో పోలిస్తే ఎక్కువ అన్న ప్రశ్న వస్తుంది. మారిన 3 వేలలో 90 ఉన్నాయంటే 3 శాతం. ఆకులో పలికిన, అంటే ఆకు వాడుకున్న, 30 వేల జన్యువుల్లోనూ 900 ఉంటే అదీ 3 శాతమే, చెప్పుకోవడానికేమీ లేదు. 300 మాత్రమే ఉంటే 1 శాతం, అప్పుడు ఆ మాటకు బలం ఉంది. ఈ రెండో అంకె తెలియాలంటే మారని జన్యువులకూ పేర్లుండాలి. ఇక్కడ నేను రెండో పక్షమే, కాకపోతే పేర్లు కావాల్సింది ఆకులో నిజంగా పలికిన జన్యువులకు, అతుకుల్లో పుట్టిన ప్రతి ముక్కకూ కాదు.

అసలు ఇంత పని అవసరమా అని కూడా అడగొచ్చు. మిరప జన్యుక్రమం 2014లోనే వచ్చింది, దాదాపు 350 కోట్ల అక్షరాలు, మనిషి జన్యుక్రమం కన్నా పెద్దది. రీడ్లను నేరుగా దానితో సరిపోల్చితే జన్యువులకు పేర్లు ముందే ఉంటాయి. స్టార్ ప్రోగ్రాంతో అయితే జన్యుక్రమం పొడవుకు పది రెట్ల బైట్ల లెక్కన 35 జీబీ ర్యామ్, అదే పని చేసే హైశాట్2కు అంతకన్నా బాగా తక్కువ. అయితే అప్పుడు చదివిన రకాల్లో ప్రధానమైనది మెక్సికోకు చెందిన సీఎం334. అంకె ఒకటే కదా అని మన గుంటూరు లాం ఫారం మిరప రకం ఎల్‌సీఏ 334తో చుట్టరికం కలపకండి. తెగుళ్లను తట్టుకునే జన్యువులు రకానికీ రకానికీ బాగా మారతాయి. అక్కడ లేనిది గుంటూరు మిరపలో ఉంటే ఆ రీడ్లు దేనికీ అతుక్కోకుండా మిగిలిపోతాయి. అందుకే రెండింటినీ కలిపే దారి ఒకటుంది: అతికినవాటికి ఉన్న పేర్లే వాడుకుని, మిగిలిన రీడ్లను మాత్రమే కొత్తగా అసెంబ్లీ చేసి వాటికే పేర్లు వెతకడం.

మెషీన్ ఎక్కడ దొరుకుతుంది?

8 కోర్ల డెస్క్‌టాప్ 250 వాట్లు తాగితే రోజుకు 6 యూనిట్లు, 35 రోజులకు 210. కరెంటు బిల్లు పెద్ద భారం కాదు, ఎండాకాలం కోతలే భారం. యూపీఎస్ ఇరవై నిమిషాలు నెట్టుకురాగలదు, రెండు గంటలు దాని వల్ల కాదు. గంటల లెక్కన అద్దె కట్టే క్లౌడ్‌లో ఈ బాధ లేదు. అసెంబ్లీకి ఒక్క రోజు పెద్ద ర్యామ్ మెషీన్ తీసుకుని వదిలేయడానికి అది బాగుంటుంది, నెల రోజుల బ్లాస్ట్‌కు బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. నెట్‌లోనే ఈ పనులు చేసుకోనిచ్చే గెలాక్సీ సర్వర్లు ఎవరికైనా ఉచితమే, క్యూలో నిలబడే ఓపిక ఉండాలి. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ లాంటి సూపర్ కంప్యూటర్లు జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చాయి, వాటిలో బ్లాస్ట్ ముక్కల్ని వందల కోర్లకు పంచవచ్చు. అక్కడ కూడా డిస్క్ అందరిదీ ఒకటే అన్న సంగతి గుర్తుంటే చాలు.

ఫోన్ చేసిన అమ్మాయి బ్లాస్ట్‌ను ఆపేసింది. పదకొండు రోజుల కష్టం వృథా పోలేదు. ఫలితాలు వరుస క్రమంలోనే రాసి ఉన్నాయి కాబట్టి 62 వేల వరుసలదాకా అయినవి అయినట్టే ఉన్నాయి. ఆ తర్వాత రీడ్లను జన్యుక్రమానికి అతికించి, మిగిలినవాటిని అసెంబ్లీ చేస్తే తొమ్మిది వేల వరుసలు వచ్చాయి. వాటిని డైమండ్‌తో ఎన్‌ఆర్ మీద సాయంత్రం పెట్టింది, తెల్లారేసరికి అయిపోయింది. సగానికి సగం తామర పురుగువే. ఇంటర్‌ప్రోస్కాన్‌కు మాత్రం ఇంకో రోజున్నర పట్టింది. అందులో సగం రోజు అది ఎందుకు మొదలవట్లేదో అర్థం కాక పోయింది.

"నక్షత్రాలు తీశావా అమ్మా?" అన్నాను.

"అయ్యో, సార్..." అంది.